జౌగడ వెళ్ళొచ్చాక మాకు అనిపించినది

తారాతారిణి కొండకి మా ఇంటివాళ్ళం ఎన్నిసార్లు వెళ్ళి ఉంటామో లెక్కే లేదు. చైత్రమాసం మంగళవారం వస్తే చాలు, బరంపురంలో మా వీధిలో సగం ఇళ్ళకి తాళాలు పడతాయి. మా ఇంట్లో పిల్లలందరి పుట్టువెంట్రుకలూ అక్కడే తీయించాం. కొండ మీద నిలబడితే కింద ఋషికుల్య కనిపిస్తుంది. అదే నది ఒడ్డున, అక్కడికి దగ్గర్లోనే జౌగడ ఉంది. అశోకుడి శాసనాలున్న బండ, దాని చుట్టూ రెండువేల ఏళ్ళ పైబడిన కోట మట్టికట్ట. నాలుగు తరాలుగా గంజాం జిల్లాలో ఉంటున్నాం. మాలో ఒక్కరం కూడా అక్కడికి వెళ్ళలేదు. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది. రాయకుండా ఉంటే మాత్రం మిగతాదంతా దొంగమాటే అవుతుంది.

వెళ్ళేలా చేసినవాడు మా తమ్ముడి కొడుకు. ఇంగ్లండులో న్యూకాజిల్ ఊళ్ళో ఉద్యోగం. కిందటేడు వాడు పెళ్ళాం పిల్లల్ని తీసుకుని అక్కడి రోమన్ గోడ చూడ్డానికి వెళ్ళాడు. హేడ్రియన్ చక్రవర్తి క్రీస్తుశకం 122లో మొదలుపెట్టించిన సరిహద్దు గోడ అది. ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా 117 కిలోమీటర్లు. రోమన్ల రాజ్యం ఇటు, వాళ్ళ లెక్కలో అనాగరికులు అటు. ఆ గోడ దగ్గర ట్వైస్ బ్రూడ్ అని ఒక ఊరుందట. ఊరంటే పట్టుమని పది ఇళ్ళు, ఒక పూటకూళ్ళ ఇల్లు, చుట్టూ గొర్రెలు. అక్కడ ఒక రాత్రి ఉండి పొద్దున్నే గోడ పక్కన నడిచారు. గాలికి టోపీలు ఎగిరిపోతున్న ఫొటోలు, రాళ్ళ ఫొటోలు, గొర్రెల ఫొటోలు మా అందరికీ పంపించాడు. చివర్లో ఒక మాట రాశాడు: మన వైపు ఇలాంటివి ఏమీ లేవు కదా పెద్దనాన్నా, ఉంటే చిన్నప్పుడు మీరు చూపించేవారు కదా అని.

ఆ మాట మాకు తగలాల్సిన చోటే తగిలింది. వాడు దెప్పిపొడవలేదు, నిజంగానే అడిగాడు. చూపించాల్సినవాళ్ళం మేమే చూడలేదని ఎలా చెప్పడం?

వాడు పంపిన ఫొటోల్లో గోడకంటే మాకు బాగా పట్టుకున్నది ఒక సమాధి రాయి. గోడ తూర్పు కొసకి దగ్గర్లో సౌత్ షీల్డ్స్ అనే ఊళ్ళో దొరికింది. రెండో శతాబ్దం నాటిది. సిరియా దేశంలోని పల్మైరా నుంచి వచ్చిన బరాతిస్ అనేవాడు తన భార్య రెజీనా కోసం చెక్కించిన రాయి. ఆవిడ ఆ దేశం మనిషే. ముందు బానిస, అతనే విడిపించి పెళ్ళి చేసుకున్నాడు. ముప్పై ఏళ్ళకే పోయింది. పైన లాటిన్‌లో ఆవిడ పేరు, వయసు, కులగోత్రాలు, అందరూ చదివేట్టు, రాజ్యం మర్యాదకి తగ్గట్టు ఉన్నాయి. అడుగున ఒకే ఒక్క పంక్తి అతని సొంత లిపిలో, పల్మైరా లిపిలో ఉంది. అందులో ఆవిడ పేరు, తన పేరు, అయ్యో అనే ఒక్క మాట. అంతే. ఆ చలిదేశంలో ఆ పంక్తి చదవగలిగినవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? అయినా ఏడుపు మాత్రం సొంత లిపిలోనే వచ్చింది. ఊరు విడిచి వచ్చి స్థిరపడ్డ ఏ కుటుంబానికైనా ఈ రాయి అర్థమవుతుంది. ఆంధ్రదేశం బయట ఉన్న మనకి మరీను.

డిసెంబరులో వాడు సెలవు మీద వచ్చాడు. ఒక శనివారం రెండు బళ్ళలో పదిమందిమి బయల్దేరాం. ఎనభై రెండేళ్ళ మా బాబాయి కూడా వస్తానన్నాడు. మోకాళ్ళు నొప్పి కదా అంటే, "అశోకుడు రమ్మంటే మోకాళ్ళేటి అడ్డం?" అన్నాడు. బరంపురం నుంచి సుమారు 35 కిలోమీటర్లు. పురుషోత్తంపూర్ వైపు వెళ్ళి లోపలికి తిరగాలి. వరి కోతలు అయిపోయి పొలాలు బోసిగా ఉన్నాయి. కోట ఎక్కడ మొదలవుతుందో మాకు తెలీలేదు, దాటేశాక తెలిసింది. ఎత్తుగా, పొడుగ్గా ఉన్న మట్టికట్ట ఒకటి దాటాం. చెరువు గట్టనుకున్నాం. అదే కోట గోడ. చతురస్రంగా నాలుగు పక్కలా ఉందని తర్వాత నడిస్తే తెలిసింది. దాని మీద తుప్పలు, ఒకచోట ఎవరో ఆరేసిన బట్టలు. లోపల పొలాలు, చిన్న ఊరు.

మా వాడు కాసేపు చూసి, "ఇంతేనా?" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. వాడు చూసొచ్చిన గోడకి చెక్కిన రాయి ఉంది, దారి పొడుగునా బోర్డులు ఉన్నాయి, టీ దుకాణం ఉంది. ఇక్కడ ఉన్నది మట్టి. మట్టికోటని చూడాలంటే కళ్ళు కొంచెం సాధన చెయ్యాలి. 1956-57లో పురావస్తు శాఖ తరఫున దేబలా మిత్ర గారు ఇక్కడ తవ్వించారు. ఆ తవ్వకంలో కట్ట ఎలా పెరిగిందో తెలిసింది, నలుపు ఎరుపు కుండ పెంకులు దొరికాయి, పూరీ-కుషాణు నాణేలని పిలిచే రాగి నాణేలు దొరికాయి. భువనేశ్వరం పక్కన శిశుపాలగఢ్ కూడా ఇదే బాపతు, చతురస్రపు మట్టికోట. అంటే ఇది ఏదో పల్లెటూరి గట్టు కాదు, ఒక పట్నం. దాని పేరు సమాపా. ఆ పేరు మనకి తెలిసింది బండ మీది రాత వల్లే.

జౌ అంటే ఒడియాలో లక్క. జౌగడ అంటే లక్కకోట. ఊళ్ళో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉంటే, అజా అని పలకరించి కథ అడిగాం. ఆయన ముందు మా యాస విని "తెలెంగానా మీరు?" అని అడిగాడు. బరంపురంలో ఈ మాట ఒక్కోసారి వెటకారంగా వినిపిస్తుంది. ఆయన నోట అలా అనిపించలేదు. అవునన్నాం. అప్పుడు చెప్పాడు: ఈ కోట గోడలు లక్కతో కట్టారు, శత్రువు ఎక్కబోతే జారిపోయేవాడు, ఏ ఆయుధమూ పనిచెయ్యలేదు, చివరికి పాలమ్ముకునే ఒక ఆడది నిప్పు పెడితే కరిగిపోతుందని గుట్టు చెప్పేసింది, అంతటితో కోట పోయింది. ఇది నిజంగా ఇక్కడ చాలాకాలంగా చెప్పుకునే కథే. భారతంలో లక్కఇల్లు ఇదేనని చెప్పేవాళ్ళూ ఉన్నారు. మా అత్త వెంటనే, "మన లక్కఇంటి కథే" అని మురిసిపోయింది.

కథ బాగుంది. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పక్కనే బండ మీద, ఈ ఊరు ఏమిటో, దీని పేరేమిటో, ఇక్కడి అధికారులు ఎలా నడుచుకోవాలో పంక్తుల కొద్దీ రాసి ఉంది. అది చదవగలిగినవాళ్ళు లేకపోయాక, చెప్పడానికి లక్క కథ ఒకటి మిగిలింది. ఆ పెద్దాయన్ని తప్పుపట్టడం లేదు, వాళ్ళ తాతల్నీ కాదు. బ్రాహ్మీ లిపి దేశంలో అందరూ మరిచిపోయారు. 1837లో కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ కూడబలుక్కుని చదివేదాకా, ఈ దేశంలో ఆ అక్షరాలు తెలిసిన మనిషే లేడు. ఈ జౌగడ రాతకి 1850లో నకలు తీయించినవాడు వాల్టర్ ఇలియట్. మన అమరావతి స్తూపం రాళ్ళు తవ్వించిన ఇలియట్ దొర ఈయనే. అప్పట్లో ఉత్తర సర్కార్లకి కమిషనరు, గంజాం మద్రాసు రాజధాని కింద ఉండేది.

బండకి పురావస్తు శాఖవాళ్ళు పైన కప్పు వేసి, చుట్టూ ఇనుప కమ్మీలు పెట్టారు. కమ్మీల సందుల్లోంచి చూడాలి. మొదట ఏమీ కనపడదు. ఎండ పక్కగా పడ్డప్పుడు అక్షరాలు తేలుతాయి. గీతలు, సున్నాలు, కొక్కేలు. మొదటి ఐదు శాసనాలున్న భాగం చాలావరకు పెచ్చులూడిపోయింది. మిగతావి ఉన్నాయి.

ఇక్కడ ఒక విశేషం ఉంది, ఇది తెలిశాకే మాకు ఆ బండ మీద మనసు పడింది. అశోకుడి పెద్ద శాసనాలు పద్నాలుగు. ఇక్కడా, భువనేశ్వరం దగ్గర ధౌలిలోనూ పదకొండు, పన్నెండు, పదమూడు లేవు. వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. లేని పదమూడోది ఏమిటంటే, కళింగయుద్ధం గురించినది. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకి కళింగని గెలిచానని, లక్షమంది చచ్చారని, లక్షన్నరమందిని చెరపట్టి తరలించారని, అందుకు పశ్చాత్తాపపడుతున్నానని అశోకుడు చెప్పుకున్నది అందులోనే. ఆ పశ్చాత్తాపం వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది, కాందహారులో గ్రీకు భాషలోకి కూడా మార్చి చెక్కించారు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. చచ్చినవాళ్ళ పిల్లలుండే కళింగలో మాత్రం లేదు.

పాఠ్యపుస్తకాల్లో దీన్ని రాజుగారి సున్నితత్వం అన్నట్టు చెబుతారు, ఓడినవాళ్ళ పుండు మీద కారం చల్లకూడదనుకున్నాడని. అయ్యుండచ్చు. మాకు మాత్రం ఇంకోటి అనిపించింది. క్షమాపణ ఊరందరికీ చెప్పి, దెబ్బతిన్నవాడికి చెప్పకపోవడం ఏలేవాళ్ళకి ఎప్పుడూ సుళువైన పనే. అశోకుడంతటివాడు కూడా దానికి అతీతుడు కాడేమో.

మా బాబాయి బాధ వేరు. ఆ పదమూడో శాసనంలోనే ఆంధ్రుల పేరు వస్తుంది. రాజ్యంలో ఉన్న జనాల పేర్ల మధ్య ఆంధ్రులనీ చెప్పాడు. అది విని ముసలాయన, "సరిగ్గా మన పేరున్నదే ఎత్తీసాడేటి!" అని నుదురు కొట్టుకున్నాడు. కమ్మీల అవతల ఉన్న కాపలా మనిషి కూడా నవ్వాడు.

లేనిది వదిలి ఉన్నదాని సంగతి చెబుతాం. మొదటి ప్రత్యేక శాసనం సమాపాలో ఉన్న మహామాత్రులకి, అంటే నగరంలో తగవులు తీర్చే అధికారులకి. మనుషులందరూ నా పిల్లలు, నా పిల్లలకి ఏ మేలు కోరుకుంటానో అందరికీ అదే కోరుకుంటాను అని మొదలెట్టి, నేరుగా పనిలోకి దిగుతాడు. కారణం లేకుండా మనిషిని జైల్లో పెట్టకండి, హింసించకండి అంటాడు. ఎందుకు మీరు న్యాయంగా ఉండలేకపోతున్నారో కారణాలు కూడా వరసపెట్టి చెబుతాడు: అసూయ, కోపం, కఠినత్వం, తొందర, అలవాటు లేకపోవడం, బద్ధకం, అలసట. ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా బల్ల ముందు నిలబడ్డవాళ్ళకి ఈ జాబితా కొత్తేమీ కాదు. అందులోనూ తొందరని, అలసటని కలిపాడు చూడండి, ఆయనకి ఆఫీసులు తెలుసు.

రెండోది సరిహద్దు గురించి. నేను గెలవని సరిహద్దు జనాలు, రాజు మా విషయంలో ఏం చేస్తాడో అని అనుమానపడుతూ ఉంటారు, నన్ను చూసి భయపడొద్దని, నా వల్ల సుఖమేగాని దుఃఖం రాదని, ఓర్చుకోదగ్గది ఓర్చుకుంటానని వాళ్ళకి నమ్మకం కలిగించండి. ఇదీ దాని సారం. మా వాడు ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ గోడ కట్టారు, ఇక్కడ ఉత్తరం రాశారు" అన్నాడు. మాట బాగానే ఉంది, కానీ మేం పూర్తిగా ఒప్పుకోలేదు. ఇక్కడా మట్టిగోడ ఉంది కదా, బండ ఆ గోడ లోపలే ఉంది. ఉత్తరం రాసినవాడి వెనక సైన్యమూ ఉంది. అయినా, సరిహద్దులో ఉన్నవాడు భయపడుతున్నాడని గుర్తించి, ఆ భయం పేరు పెట్టి రాసిన రాజు మాకు ఇంకొకరు తెలీదు.

సరిహద్దు భయం మాకు తెలుసు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం ఇటు, ఇచ్ఛాపురం అటు. మధ్యన పాతిక కిలోమీటర్లు ఉంటే ఎక్కువ. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడం సహించలేక ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతగారు వెళ్ళలేదు. మంచిదో చెడ్డదో ఉండిపోయారు. ఉండిపోయినవాళ్ళ పిల్లల పిల్లలం మేము.

అందుకే కళింగ ఎవరిది అని ఈ మధ్య ఫోన్లలో జరిగే కొట్లాటలు చూస్తే మాకు విసుగు. ఒకరు పూర్తిగా ఒడియావాళ్ళదే అంటారు. మనవాళ్ళు వెంటనే ముఖలింగం చూపించి, రాజధాని శ్రీకాకుళం జిల్లాలో ఉందిగా అంటారు. ఇద్దరూ కలిసి జౌగడ వస్తే తెలుస్తుంది. బండ మీదున్నది తెలుగు కాదు, ఒడియా కాదు, ప్రాకృతం. రాసినవాడు మగధవాడు. ఇద్దరికీ సమానంగా పరాయిది, ఇద్దరికీ సమానంగా సొంతం. చదవలేకపోవడంలోనూ ఇద్దరం సమానమే.

మా బాబాయికి వెంటనే ఒక ఆలోచన వచ్చింది. శాసనానికి తెలుగు అనువాదం ఒక పలక మీద చెక్కించి ఇక్కడ పెట్టాలి, ఊళ్ళో తెలుగువాళ్ళం చందా వేసుకుందాం అని. పెద్దాయన మాట కొట్టెయ్యడం కష్టం. కానీ మేము ఒప్పుకోలేదు. పరాయి ఊళ్ళో మన అక్షరాల పలక పెట్టి ఫొటో తీసుకుని వచ్చేస్తాం, మరుసటి రోజు నుంచి ఆ పలక కూడా చదివేవాళ్ళు లేని రాయే. జౌగడకి తెలుగు పలక కొరత లేదు. కొరత ఉన్నది మా ఇంట్లో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. బరంపురంలో మా పాత ఇల్లు ఈ ఏడాది అమ్మేస్తున్నాం. అన్నదమ్ములం ఒకరు విశాఖలో, ఒకరు రాయపూర్‌లో, పిల్లలు దేశాల మీద. ఇల్లు కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేరు. అటక మీద ఒక రేకుపెట్టె ఉంది. అందులో దస్తావేజులు, చిట్టాలు, పోస్టుకార్డులు, తాతగారి అన్న గోపాలపురం రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళి అక్కణ్ణించి రాసిన ఉత్తరాలు. అన్నీ తెలుగులో, గొలుసుకట్టు రాతలో. ఈ పెట్టె ఎవరు తీసుకుంటారని నవంబరులో అడిగితే ఎవరూ పలకలేదు. మా పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు, చదివేవాళ్ళు లేరు. ఇక్కడ పెరిగినవాళ్ళు ఒడియా, ఇంగ్లీషు చదివారు. అవతల పెరిగినవాళ్ళు ఇంగ్లీషు ఒక్కటే. మేం చిన్నప్పుడు చదివిన బడిలో తెలుగు తరగతి ఉండేది, మా తర్వాత పిల్లలు రాక అది ఆగిపోయింది. ఆపినవాళ్ళని తిట్టుకోవడం సులభమే. కానీ మా పిల్లల్ని ఇంగ్లీషు బడిలో వేసినవాళ్ళం మేమే కదా. చివరికి మాలో ఒకరు అన్నారు: చదవలేని కాయితాలు దాచి ఏం చేస్తాం, పాత పేపర్లవాడికి ఇచ్చేద్దాం. ఎవరం కాదనలేదు. ఇది మేం మరిచిపోకూడదని రాస్తున్నాం. నిజంగానే ఎవరం కాదనలేదు.

జౌగడ నుంచి తిరిగొచ్చేటప్పుడు బండిలో అందరికీ ఆ పెట్టే గుర్తొచ్చిందనుకుంటాం. ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరమూ లేకపోయింది.

శాసనంలో చివర ఒక ఆజ్ఞ ఉంది. రాయి మీద చెక్కించి ఊరుకోలేదు అశోకుడు. ఈ రాతని తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమి రోజున చదివి వినిపించాలన్నాడు. మధ్యలో కూడా, వీలు చిక్కినప్పుడల్లా, వినేవాడు ఒక్కడే ఉన్నా సరే వినిపించాలన్నాడు. ఆ ఒక్కడే ఉన్నా సరే అన్న మాట దగ్గర మేం ఆగిపోయాం. అక్షరం రాని జనానికి రాత చేరాలంటే చదివేవాడు ఒకడు, వినేవాడు ఒకడు ఉంటే చాలని ఆయనకి తెలుసు. అన్నాళ్ళ తర్వాత చదివేవాళ్ళ వరస ఎక్కడో తెగిపోయింది. రాయి మాత్రం పాడవలేదు.

రాయి నిలిస్తే రాత నిలుస్తుందనుకోవడం పొరపాటని మా అభిప్రాయం. దేశం బయట మనవాళ్ళు చాలామంది పాత కాయితాలు స్కాను చేయించి కంప్యూటర్లో పెట్టి, వారసత్వం కాపాడామని తృప్తిపడుతున్నారు. చెయ్యండి, మేమూ చేయిస్తున్నాం. కానీ అది బండ మీద కప్పు వెయ్యడం లాంటిదే. వానకి తడవదు, అంతే. తెలుగు అక్షరాలు నేర్పడం కూడా అవసరమే, న్యూకాజిల్లో మా మనవరాలికి ఆదివారాలు వీడియోలో మా అత్త అచ్చులు దిద్దిస్తోంది. ఋ దగ్గర పిల్ల నవ్వుతుందట, అత్తకీ నవ్వొస్తుందట. కానీ ఆ పిల్ల గొలుసుకట్టు చదివేసరికి మా బాబాయి ఉండడు. అందుకని రెండూ జరగాలి. అక్షరాలు వచ్చేదాకా ఆగకుండా, వచ్చినవాళ్ళు ఇప్పుడే చదివి వినిపించాలి. గిడుగు వారి గురించే చూడండి. బడిపంతులు పని చేస్తూ, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా శాసన లిపి తనంతట తానే పట్టుకుని ముఖలింగం గుడి రాతలు చదివారు. సవరభాష నేర్చుకున్నారు. మా జిల్లాలో పుట్టి పెరిగిన అలవాటే ఇది, బయటనుంచి తేవక్కర్లేదు. అంత పని మమ్మల్ని ఎవరూ అడగడం లేదు. మా తాతగారి దస్తూరీ చదివితే చాలు.

జనవరిలో పుష్యమి రోజున రాత్రి మొదటిసారి కూర్చున్నాం. బరంపురంలో ఎనిమిదిమందిమి, ఫోన్లలో ఇంకో పదకొండుమంది. పెట్టె తెరవగానే అటక వాసన, కర్పూరం వాసన. బాబాయి కళ్ళజోడు తుడుచుకుని చేతికందిన ఉత్తరం తీశాడు. 1936 వేసవిలో ఇచ్ఛాపురం నుంచి తాతగారికి వాళ్ళ అక్క రాయించినది. ఆవిడకి చదువు రాదు, ఎవరో పక్కింటాయన రాసిపెట్టాడు, ఆ సంగతీ ఉత్తరంలోనే ఉంది. పిల్లలకి దగ్గు తగ్గిందా, ఆవు ఈనిందా అని అడిగి, తర్వాత ఒకటి అడిగింది. ఇప్పుడు నువ్వు వేరే రాష్ట్రంలో ఉన్నావట కదా, ఏటా పంపే మామిడికాయల బుట్ట ఈ ఏడు పంపొచ్చా, లేకపోతే దారిలో ఆపేస్తారా, మనుషుల్ని కూడా ఆపుతారా, కనుక్కుని రాయి.

న్యూకాజిల్ నుంచి మా వాడు, "మళ్ళీ చదవండి తాతయ్యా, అక్కడ ఏదో మాట అర్థం కాలేదు" అన్నాడు. ఏ మాటరా అంటే, బుట్ట తర్వాతది అన్నాడు. బాబాయి మళ్ళీ చదివాడు. పంపిందా లేదా అని ఫోన్లోంచి ఎవరో అడిగారు. తాతగారి జవాబు మా దగ్గర ఉండదు కదా, అది ఇచ్ఛాపురం వెళ్ళిపోయి ఉంటుంది. ఆ ఇంటివాళ్ళ అటక మీద ఉందేమో అడగాలి. వాళ్ళతో మాట్లాడి పన్నెండేళ్ళవుతోంది. వచ్చే పుష్యమిలోగా ఎవరో ఒకరం వెళ్ళాలనుకున్నాం. పాతిక కిలోమీటర్లే.